పంటిబిగువు సడలిన వేళ: దవడ నొప్పికి థాయి మర్దన

ఈ వాక్యం చదువుతున్న క్షణాన మీ పైపళ్ళు, క్రిందిపళ్ళు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయా? ఒక్కసారి గమనించండి. ఆనుకొని ఉంటే ఈ వ్యాసం మీ కోసమే. సుమారు 40 సంవత్సరాలు వైద్యవృత్తిలో ఉండి, వేలాదిమంది చేత నోళ్ళు తెరిపించి చూసిన నేను నా నోటిలో పళ్ళు ఎప్పుడు కలుసుకొంటున్నాయో, ఎప్పుడు విడివడుతున్నాయో 71వ ఏట గాని తెలుసుకోలేదు. అది నాకు తెలియజేసినది బ్యాంకాక్ నగరంలో మర్దన చేసే ఒక పెద్దావిడ. ఆమెకు నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు.

కష్టాన్ని మౌనంగా భరించేవారిని చూసి ‘పంటిబిగువున ఓర్చుకొన్నాడు’ అని మెచ్చుకొంటాము. కోపం దిగమింగుకొనేవాడు పళ్ళు కొరుకుతాడు. పట్టుదల గలవాడు పళ్ళు బిగబట్టి పని సాధిస్తాడు. మనసులోని బరువుకూ దవడకూ ఉన్న సంబంధాన్ని మన పలుకుబడి ఏనాడో గుర్తించింది. వైద్యశాస్త్రం ఆ దారికి రావడానికి కొంత కాలం పట్టింది. చెవిపోటు, చెవిలో హోరు, తలనొప్పి వంటి బాధలను దవడకీలుతో ముడిపెట్టి 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా వైద్యుడు ఒక పత్రం ప్రచురించాడు. ఆయన చెవి, ముక్కు, గొంతు వ్యాధుల నిపుణుడు. పళ్ళు ఊడిపోయి దవడ అతిగా మూసుకొనడమే కారణమని ఆయన భావించాడు. ఆ కారణం నిలబడలేదు. ఇలాంటి బాధలలో ఎక్కువ భాగం కీలు కంటే కండరాలలో పుడతాయనీ, మానసిక ఒత్తిడి, నిద్రలేమి వాటిని పెంచుతాయనీ తరువాతి తరాలవారు గ్రహించారు.

పెరుగన్నంలో విరిగిన దంతం

మూడేళ్ళ క్రితం నా శ్రీమతికి రొమ్ము క్యాన్సరు బయటపడింది. శస్త్రచికిత్స, ఆ తరువాత కీమోథెరపీ, ఆ పిమ్మట రేడియేషన్ చికిత్స. దాదాపు ఒక సంవత్సరం ఇల్లు, ఆసుపత్రి తప్ప మాకు వేరే లోకం లేదు. నేను వైద్యుడిని కాబట్టి ఇంటిల్లిపాదీ నా ముఖం వైపే చూసేవారు. నా ముఖంలో ఏమీ కనబడకుండా చూసుకోవడమే నా కర్తవ్యమనుకొన్నాను. పిల్లలు ఫోను చేసినప్పుడు, ‘నాన్న చాలా ధైర్యంగా ఉన్నారు’ అని బంధువులతో చెప్పుకొనేవారు. వినడానికి బాగానే ఉండేది.

ఆ రోజుల్లోనే ఉదయం లేవగానే చెంపలు బరువుగా ఉండేవి. కణతలు లాగేవి. ఎడమ చెవి ముందు సన్నని పోటు మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. ఆవులించబోతే దవడ దగ్గర ‘టిక్కు’మని చప్పుడయ్యేది. వయసు మీద వేసి ఊరుకొన్నాను. ఒక రాత్రి పెరుగన్నం తింటుండగా ఏదో గట్టిగా తగిలింది. మెతుకుల్లో రాయి అనుకొని తీసి చూస్తే నా దంతపు ముక్క!

మా ఊరి దంతవైద్యురాలు చిన్నవయసు అమ్మాయి. నా పళ్ళన్నీ పరీక్షించి, ‘సార్, పెరుగన్నానికి పళ్ళు విరగవు. ఇవి చాలాకాలంగా అరుగుతున్నాయి. రాత్రిళ్ళు మీరు పళ్ళు నూరుతున్నారు’ అంది. అలాంటి అలవాటు నాకు లేదన్నాను. ప్రక్కన కూర్చున్న నా శ్రీమతి, ‘ఏమండీ, రెండేళ్ళుగా చెబుతున్నాను. మీరు వింటేగా!’ అంది. రోగి మాట వినమని విద్యార్థులకు బోధించిన నేను, ఇంట్లో మనిషి మాట రెండేళ్ళు వినలేదన్నమాట.

మొదట గుండె, ఆ తరువాతే దవడ

మర్దన సంగతికి వెళ్ళే ముందు ఒక పాత తప్పు చెప్పుకోవాలి. దానిని చెప్పకుండా దవడ నొప్పిని గురించి వ్రాసే అర్హత నాకు లేదు.

1980ల మొదట్లో ఒక తాలూకా ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. 50 ఏళ్ళు దాటిన ఒక బడిపంతులు గారు వచ్చారు. ‘ఎడమ దవడ లాగుతోంది డాక్టరు గారూ. బడికి సైకిలు మీద వెళ్ళేటప్పుడు వస్తుంది. దిగి కాసేపు నిలబడితే పోతుంది’ అన్నారు. నోరు తెరిపించి చూస్తే ఎడమవైపు క్రిందిదవడలో ఒక పుచ్చుపన్ను కనబడింది. నొప్పిమాత్రలు వ్రాసి, పట్నంలో పన్ను చూపించుకోమని పంపాను. మూడవనాడు తెల్లవారుజామున ఆయనను ఎడ్లబండిలో తీసుకువచ్చారు. అప్పటికే ఆలస్యమయింది.

సైకిలు తొక్కితే రావడం, దిగితే పోవడం! ఆయన తన వ్యాధి లక్షణాన్ని సూటిగా నా చేతిలో పెట్టారు. నేను పుచ్చుపన్ను దగ్గర ఆగిపోయాను. గుండె కండరానికి రక్తప్రసరణ చాలనప్పుడు పుట్టే నొప్పి ఛాతీలో లేకుండా దవడలోనో, భుజంలోనో, మెడలోనో మాత్రమే పలకవచ్చు. నడిస్తే, మెట్లెక్కితే, బరువు మోస్తే వచ్చి, విశ్రమిస్తే తగ్గే దవడ నొప్పిని గుండెనొప్పిగానే ఎంచి పరీక్షించాలి. చెమటలు, ఆయాసం, వాంతి భావనతో హఠాత్తుగా దవడ నొప్పి వస్తే అరగంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

అందువలన నా వంతు వచ్చినప్పుడు మొదట ఈసీజీ తీయించుకొన్నాను. ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించుకొన్నాను. 50 ఏళ్ళు దాటినవారిలో కణత ధమని వాచే జబ్బు ఒకటి ఉంది. అందులో నమిలేటప్పుడు దవడ అలసిపోయి నొప్పిపుడుతుంది, కణతలు ముట్టుకొంటే నొప్పి, తల దువ్వుకొంటే బాధ ఉంటాయి. చికిత్స ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది. దానికోసం ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు చేయించాను. అన్నీ సవ్యంగా వచ్చాయి. నా బాధ కండరాలదేనని అప్పుడు నిశ్చయించుకొన్నాను.

దవడ ఎలా పనిచేస్తుంది?

చెవి ముందు వ్రేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వ్రేలి క్రింద కదిలేదే దవడకీలు. కుడి ఎడమల రెండు కీళ్ళు ఒకే ఎముకకు చేరి ఉండటం వలన ఒకటి కదిలితే రెండవది కదలక తప్పదు. ఒక్కొక్క కీలులో మెత్తగా పనిచేసే పలుచని బిళ్ళ ఒకటి ఉంటుంది. అది చోటు తప్పి జారినప్పుడు ‘టిక్కు’మనే శబ్దం రావచ్చు. నొప్పి లేకుండా వచ్చే చప్పుడుకు చికిత్స అవసరం లేదు.

ఇప్పుడు చెంపలపై వ్రేళ్ళు ఆనించి పళ్ళు బిగించండి. చెంప ఎముక నుంచి దవడ మూల వరకు ఉబ్బేది మాసెటర్ కండరం. కణత మీద విసనకర్రలా పరచుకొన్నది టెంపొరాలిస్ కండరం. లోపలివైపు, వ్రేలికి సులభంగా అందకుండా, రెండు టెరిగాయిడ్ కండరాలు ఉన్నాయి. ఈ నాలుగు జతలే మనం అన్నం నమలడానికి సాయపడే ప్రధాన కండరాలు. మాసెటర్ శరీరంలోని బలిష్ఠమైన కండరాలలో ఒకటి. వెనుకదంతాల మధ్య పదుల కిలోల బరువంత ఒత్తిడి కలుగజేయగలదు.

అంత బలం గల కండరానికి ప్రకృతి పుష్కలంగా విశ్రాంతి ఇచ్చింది. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పైపళ్ళూ క్రిందిపళ్ళూ కలవనవసరం లేదు. ఆరోగ్యవంతులలో పళ్ళు ఒకదానికొకటి తగిలే సమయం అంతా కూడితే రోజుకు సుమారు 20 నిమిషాలని దంతవైద్య గ్రంథాలు చెబుతాయి. మిగిలిన సమయమంతా పెదవులు మూసుకొని, పళ్ళు విడివడి, వాటి నడుమ 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. నేనేమో మెలకువలో గంటల తరబడి, నిద్రలో ఎంతసేపో పళ్ళు కరచుకొనే ఉన్నాను. పిడికిలి బిగించి రోజంతా ఉంచితే చేయి ఏమవుతుందో నా చెంపలకు అదే అయింది.

బిగుసుకొన్న కండరంలో చిన్న చిన్న ముడులవంటి నొప్పి కేంద్రాలు ఏర్పడతాయి. వాటిని నొక్కితే నొప్పి అక్కడే కాక దూరాన కూడా పలుకుతుంది. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి వైద్యురాలిగా ఉన్న జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో వెలువరించిన గ్రంథంలో ఈ నొప్పి దారులను పటాలుగా గీసింది. మాసెటర్‌లోని ముడి నొప్పి పంటిలోనూ చెవిలోనూ తెలుస్తుంది. భుజం మీది ట్రెపీజియస్ కండరపు నొప్పి మెడ ప్రక్కగా ప్రాకి కణతకూ దవడ మూలకూ చేరుతుంది. చెడిపోని పన్ను పీకించుకొని కూడా నొప్పి తగ్గక తిరిగేవారిని నేను చూశాను.

పాదాల నుంచి దవడ దాకా

నా శ్రీమతి చికిత్స పూర్తయి, వైద్యులు ప్రయాణానికి అనుమతించాక సింగపూర్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాము. అక్కడి నుంచి బ్యాంకాక్ తీసుకువెళ్ళింది. ‘నాన్నా, మీరు దవడ పట్టుకొనే తిరుగుతున్నారు. ఒకసారి మర్దన చేయించుకొని చూడండి’ అని వాట్ ఫో ఆలయానికి నడిపించింది.

46 మీటర్ల పొడవున శయనించిన బుద్ధవిగ్రహానికి ఆ ఆలయం ప్రసిద్ధి. థాయి మర్దన విద్యకు కూడా అది పుట్టినిల్లు వంటిది. మూడవ రామరాజు 19వ శతాబ్దంలో ఆలయాన్ని పునరుద్ధరించినప్పుడు ఆనాటి వైద్యవిజ్ఞానాన్ని చలువరాతి ఫలకాలపై చెక్కించాడు. పుస్తకం కొనలేనివాడు కూడా గోడ మీద చదువుకోవచ్చు. ఆ శాసనాలను యునెస్కో 2011లో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చింది. ‘నువద్ థాయ్’ అని పిలిచే మర్దన విద్యను 2019లో మానవాళి అమూర్త వారసత్వ సంపదగా గుర్తించింది.

ఫలకాల మీది మనిషి బొమ్మలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఒంటినిండా గీతలు, గీతల మీద చుక్కలు. ఆ గీతలను ‘సేన్’ అంటారు. ముఖ్యమైనవి పది. వాటిలో మొదటి మూడింటి పేర్లు చెబితే మీకు ఆశ్చర్యం కలుగుతుంది: ఇతా, పింగలా, సుమనా. మన యోగశాస్త్రంలోని ఇడ, పింగళ, సుషుమ్నలే అవి. థాయి వైద్యులు తమ ఆదిగురువుగా కొలిచేది బుద్ధుని వైద్యుడైన జీవకుణ్ణి. ఆయన రాజగృహ నగరానికి చెందినవాడు, తక్షశిలలో చదువుకొన్నాడు. ఔషధగుణం లేని మొక్క ఒకటి వెతికి తెమ్మని గురువు పరీక్ష పెడితే, ఊరిచుట్టూ తిరిగి అలాంటిది కనబడలేదని వట్టిచేతులతో వచ్చి ఉత్తీర్ణుడైనాడని బౌద్ధుల కథ. ఆలయ ప్రాంగణంలో రాళ్ళగుట్ట మీద ఒళ్ళు విరుచుకొంటున్న ఋషుల విగ్రహాలు కూడా ఉన్నాయి.

శవపరీక్షలు చేసిన చేతులతో ఒక మాట చెప్పాలి. ఆ సేన్ గీతలు మనకు తెలిసిన నాడులకు గాని, రక్తనాళాలకు గాని సరిపోలవు. వాటిలో ప్రవహించే శక్తిని నేను నమ్మమని మీకు చెప్పను. అయితే తరతరాలుగా వేలిముద్రతో వెతికి, ఎక్కడ నొక్కితే నొప్పి సడలుతుందో గుర్తించిన అనుభవాన్ని తీసిపారవేయను కూడా.

ఒక పొడవైన గదిలో వరుసగా పరుపులు. నూనె లేదు, బట్టలు విప్పే పని లేదు. మెత్తని వదులు దుస్తులు ఇస్తారు. ముందుగా ఒక కాగితంపై జబ్బులు, శస్త్రచికిత్సలు, మందులు గుర్తుపెట్టమన్నారు. నా శ్రీమతికి చంకలోని లింఫ్ గ్రంథులు తొలగించారు. అటువంటి చేతిని గట్టిగా ఒత్తితే వాపు రావచ్చు. మా అమ్మాయి ఆ సంగతి వివరించగానే, ఆమెకు మర్దన చేయవలసిన స్త్రీ చేతులు జోడించి, ఆ చేయి తాకకుండా పాదాలకూ పిక్కలకూ మాత్రమే చేసింది. తెలియని చోట చేయి పెట్టకపోవడం మంచి వైద్యానికి మొదటి గుర్తు.

నాకు వచ్చిన పెద్దావిడకు 60 ఏళ్ళు ఉండవచ్చు. నేను దవడ చూపించాను. ఆమె తల ఊపి, చిరునవ్వు నవ్వి, పాదాల దగ్గర కూర్చొంది! మళ్ళీ చూపించాను. మళ్ళీ అదే నవ్వు. అరికాళ్ళు, పిక్కలు, తొడలు, నడుము. తన బరువును నెమ్మదిగా అరచేతుల మీదికి వంచి, కాసేపు ఉంచి, నెమ్మదిగా తీస్తుంది. తొందర లేదు, కుదుపు లేదు. ఆమె భుజాల దగ్గరకు చేరేసరికి ముక్కాలు గంట గడిచింది. ఆ క్రమంలోని అర్థం అప్పుడు బోధపడింది. తిన్నగా నొప్పి ఉన్నచోటే చేయి పెడితే రోగి బిగుసుకొంటాడు. దూరం నుంచి మొదలుపెడితే శ్వాస నెమ్మదిస్తుంది, గుండె వేగం తగ్గుతుంది, నొప్పి చోటికి చేరేసరికి శరీరం సిద్ధంగా ఉంటుంది.

మూలికల మూటను ఆవిరిపై వేడిచేసి భుజాలపై అద్దింది. పసుపు, నిమ్మగడ్డి, కర్పూరం, అల్లం జాతికి చెందిన ‘ప్లాయ్’ అనే దుంప అందులో ఉంటాయి. మనవాళ్ళు వావిలాకు కాపడం పెట్టినట్లే. తరువాత తల దగ్గరకు వచ్చి, కణతలు వ్రేళ్ళకొసలతో రుద్ది, మాసెటర్ మీద బొటనవ్రేలు ఆనించి నొక్కింది. ప్రాణం విలవిల్లాడింది.

‘జెప్ మై?’ అని అడిగింది. నొప్పిగా ఉందా అని అర్థం. లేదన్నట్టు చేయి ఊపాను. 40 ఏళ్ళ అలవాటు! ఆమె నమ్మలేదు. వ్రేలు తీసి, నా గడ్డం క్రింద చిటికెనవ్రేలు ఆనించి, తన ముఖం నా ముఖం పైకి వంచి, నిద్రపోతున్న పసిపిల్లలా తన దవడను వ్రేలాడవేసి చూపించింది. అలా చేయమని సైగ. ప్రయత్నించాను. దవడ రాలేదు. నా నోటిలో పళ్ళు ఒకదానినొకటి కరచుకొని ఉన్నాయని అప్పుడు తెలిసింది. నొక్కిన నొప్పికి కరచుకొన్నానా? కాదు, వ్రేలు తీసిన తరువాత కూడా అలాగే ఉన్నాయి. ఆ క్షణానికి ముందు, ఆ రోజంతా, బహుశా ఆ సంవత్సరమంతా అలాగే ఉన్నాయి.

ఆమె ఊపిరి వదిలి చూపించింది. నేనూ వదిలాను. మూడవసారో నాలుగవసారో గడ్డం తనంతట తాను క్రిందికి జారింది. కన్నుల కొసల నుంచి నీళ్ళు కారాయి. దానికి నాకు శాస్త్రీయమైన వివరణ అక్కరలేదనిపించింది.

బయట చెట్టునీడలో టీ త్రాగుతుండగా నా శ్రీమతి, ‘మీకు భయం వేసిందని ఒక్కసారి కూడా చెప్పలేదు’ అంది.

‘చాలా భయం వేసింది’ అన్నాను.

‘నాకు తెలుసు లెండి. రాత్రిళ్ళు మీ పళ్ళు చెప్పేవి.’

ఆ జబ్బును గురించి వైద్యుడిగా కాక భర్తగా నేను ఆమెతో మాట్లాడింది ఆ సాయంత్రమే మొదలు.

నాలుగు రోజుల సుఖం, ఆ తరువాత సాధన

మర్దన వలన కలిగిన సుఖం సరిగ్గా నాలుగు రోజులు నిలిచింది. ఐదవనాడు ఉదయం చెంపలు మళ్ళీ బరువెక్కాయి. ఈ మాట దాచకుండా చెబుతున్నాను. మర్దన కండరాన్ని సడలిస్తుంది, అలవాటును మాన్పించలేదు. కాని సడలిన దవడ ఎలా ఉంటుందో నాకు తెలియజేసింది. ఎక్కడికి చేరాలో తెలిశాక దారి వెతకడం సులభం.

2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దీర్ఘకాలిక దవడ నొప్పికి చికిత్సా మార్గదర్శకాలు ప్రచురించింది. థాయి మర్దన అనే పేరు అందులో లేదు. శిక్షణ పొందినవారు కండరపు ముడులను చేతితో నొక్కి సడలించడం, దవడ వ్యాయామాలు, దేహభంగిమ సరిచేయడం, ఆలోచనల తీరును మార్చే మానసిక చికిత్స, ఇంటివద్ద సాధన మాత్రం గట్టిగా సిఫారసు చేసిన వాటిలో ఉన్నాయి. పళ్ళను అరగదీసి కాటును శాశ్వతంగా మార్చే చికిత్సలకు తొందరపడకూడదు. నేను రాత్రిపూట దంతాలకు తొడుగు ధరిస్తున్నాను. అది పళ్ళను అరుగుదల నుంచి కాపాడుతుంది. పళ్ళు నూరే అలవాటును మాన్పుతుందని ఆశించకూడదు.

ఒక ఫిజియోథెరపిస్టు సలహాతో, ఆ పెద్దావిడ క్రమాన్ని గుర్తుంచుకొని, రోజుకు రెండుసార్లు నేను చేసుకొనే సాధన ఇది.

1. ముందుగా భుజాలకు, చెంపలకు వేడినీటిలో ముంచి పిండిన తువ్వాలుతో పది నిమిషాలు కాపడం. వేడి చర్మాన్ని కాల్చరాదు.

2. భుజాలు పైకెత్తి, ఊపిరి వదులుతూ దించడం. మెడ వెనుక, భుజం మీద చేతితో మెల్లగా పిసకడం.

3. మూడు వ్రేళ్ళతో కణతలపై నెమ్మదిగా, గుండ్రంగా రుద్దడం.

4. ఒక్కసారి పళ్ళు బిగించి మాసెటర్ ఎక్కడ ఉబ్బుతుందో గుర్తించి, వెంటనే సడలించడం. దవడ వ్రేలాడవేసి, ఆ చోట వ్రేలితో 5 నుంచి 10 సెకనులు నొక్కి వదలడం. నొప్పి భరించదగినంతలోనే ఉండాలి. తరువాత చెంప ఎముక నుంచి దవడ మూల వరకు క్రిందికి నిమరడం.

5. నాలుక కొసను పైపళ్ళ వెనుక అంగిటికి ఆనించి, అది విడివడకుండా ఎంత తెరుచుకొంటే అంతే నోరు తెరవడం. ఆరుసార్లు.

వీటన్నింటికంటె ముఖ్యమైనది పగటి గమనిక. ఫోను మ్రోగినప్పుడల్లా, తలుపు తీసినప్పుడల్లా నన్ను నేను ప్రశ్నించుకొంటాను: పెదవులు కలిశాయా, పళ్ళు విడివడ్డాయా? మొదటివారం ప్రతిసారీ పళ్ళు కరచుకొనే దొరికాయి. మూడు నెలలకు సగానికి తగ్గాయి. మధ్యాహ్నం తరువాత కాఫీ మానుకొన్నాను. రాత్రి నిద్రకు ముందు వార్తలు చూడటం మానుకొన్నాను. నోటిలో నిలువుగా నా వ్రేళ్ళు రెండే పట్టేవి, ఇప్పుడు మూడు పడుతున్నాయి. నొప్పి పూర్తిగా పోలేదు. నెలలో నాలుగైదు రోజులు వస్తుంది. ఆ రోజు నా మనసును ఏది బాధిస్తోందో వెతుక్కొంటాను. సాధారణంగా దొరుకుతుంది.

మర్దన ఎవరికి తగదు?

మూడు వ్రేళ్ళ పరీక్ష మీరందరూ చేసుకోవాలి. గుట్కా, వక్కపొడి, పాన్‌మసాలా అలవాటున్నవారిలో నోరు క్రమంగా తెరుచుకోకుండా పోతుంటే అది కండరపు బిగువు కాకపోవచ్చు. బుగ్గల లోపలి పొర పీచుబారి గట్టిపడే జబ్బు కావచ్చు. అది నోటి క్యాన్సరుకు దారితీయగలదు. మర్దనతో కాలయాపన చేయకుండా ఆ అలవాటు మాని దంతవైద్యునికి చూపించుకోవాలి.

దవడ హఠాత్తుగా బిగుసుకొని నోరు తెరవలేకపోతే ధనుర్వాతం గుర్తుకు రావాలి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పాలు త్రాగలేక దవడలు బిగుసుకొన్న పసికందులను చీకటి గదుల్లో ఉంచి చికిత్స చేసేవాళ్ళం. టీకాల పుణ్యమా అని తల్లులలో, నవజాత శిశువులలో ఆ వ్యాధి మన దేశంలో నిర్మూలనమైనట్లు 2015లో ప్రకటించారు. పెద్దవారిలో గాయాల వలన ఇప్పటికీ రావచ్చు.

జ్వరం, చెంపవాపు, దెబ్బ తగలడం, పెదవి లేక గడ్డం మొద్దుబారడం, మెడలో గడ్డ కనిపించడం – ఇవి ఉన్నప్పుడు మర్దన కూడదు. రక్తం పలుచబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు గట్టి ఒత్తిడికి దూరంగా ఉండాలి. కొన్ని డిప్రెషను మందులు కూడా పళ్ళు నూరేటట్లు చేస్తాయి. వాటిని మీకై మీరు ఆపవద్దు, వ్రాసిన వైద్యునికి చెప్పండి.

మెడ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దవడ మూలకు దిగువన, మెడలో నాడి కొట్టుకొనేచోట నొక్కకూడదు. అక్కడి ధమనిని ఒత్తితే గుండె వేగం, రక్తపు పోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. మెడను ప్రక్కకు తిప్పి ‘కటుక్కు’మనిపించడం మన క్షౌరశాలల్లో చాలామందికి సరదా. మర్దన కేంద్రాల్లో కూడా కొందరు చేస్తారు. మెడలోని ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం, అరుదుగానైనా, ఉంది. ‘మెడ విరవవద్దు’ అని ముందే చెప్పండి. నేను అక్కడ చేతితో సైగ చేసి చెప్పాను. ఆమె తల ఊపి, మెడ తిప్పే ప్రయత్నమే చేయలేదు. ఎక్కడ చేయించుకొన్నా శిక్షణ పొందినవారేనా, ముందుగా మీ ఆరోగ్యం గురించి అడుగుతున్నారా అని చూసుకోండి. అడగకుండా చేయి వేసేవారి దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

బ్యాంకాక్ వెళ్ళే అవసరం ఎవరికీ లేదు. పండుగనాడు తలంటుతూ కణతలు రుద్దిన అమ్మచేయి, బాలింతకూ పసిబిడ్డకూ ఒళ్ళు పట్టిన పెద్దవాళ్ళ చేతులు మనకూ ఉన్నాయి. సందేహం ఉంటే ముందు వైద్యునికి చూపించుకోండి. నడిచినప్పుడు వచ్చే దవడ నొప్పిని మాత్రం ఎన్నడూ పంటి మీద వేయకండి. ఆ బడిపంతులు గారికి నేను చెప్పలేకపోయినది మీకైనా చెప్పాలనే ఈ వ్యాసం వ్రాశాను.

పంటిబిగువు గొప్ప గుణమే. నేను కాదనను. ఆపదలో అది నన్ను నిలబెట్టింది. ఆపద గడిచాక దానిని దించుకోవడం నాకు తెలియలేదు. ఇప్పుడు నేర్చుకొంటున్నాను. వ్యాసం మొదట అడిగిన ప్రశ్న మరొక్కసారి అడుగుతున్నాను. మీ పళ్ళు ఆనుకొని ఉన్నాయా? అయితే మెల్లగా ఊపిరి వదలండి.